నిన్నటి తోక, ఇవాళ్టి టీ

కొమ్ము ఇమ్మానుయేలుకి ఇంటిపేరులో ఒక కొమ్ము, చేతిలో ఒక కొమ్ము. మొదటిది తాతముత్తాతలిచ్చింది. రెండోది రైల్వే ఇన్‌స్టిట్యూట్ బ్యాండుమాస్టారు లాజరు గారు పోతూ పోతూ ఇచ్చి పోయింది. వంకర మెడ, ఇత్తడి ఒళ్లు, ఊదకపోతే మూగ, ఊదితే వాగుడుకాయ. ఆల్టో శాక్సఫోన్.

"మా ఇంట్లో రెండు ఫోన్లున్నాయండీ. ఒకటి ఎత్తితే ఊళ్లోవాళ్ల సోది నేను వినాలి, ఇంకోటి ఎత్తితే నా సోది ఊళ్లోవాళ్లు వినాలి" అని ముప్పై ఏళ్లుగా అందరి దగ్గరా అదే జోకు వేస్తున్నాడు. జోకులే అరిగిపోయినవి. వాయించేటప్పుడు మాత్రం ఒకసారి వాయించింది రెండోసారి వాయించి ఎరగడు.

పెళ్లిచూపుల్లో "అబ్బాయిది జాజ్ అండీ" అంటే, సువార్తమ్మ జాజిపూల వ్యాపారమనుకుని తలూపింది. ఆ తరవాత ముప్పై అయిదేళ్లలో ఇంటికి మూర జాజులు వచ్చిన పాపాన పోలేదు. ఆవిడా బదులు తీర్చుకుంది. పేరు సువార్త, తెచ్చేవన్నీ దుర్వార్తలు. కుళాయి రాలేదు, గ్యాసయిపోయింది, కింద వాటావాళ్లు మళ్లీ గొడవ.

కింద వాటావాళ్ల గొడవ పొద్దుటి ఆరింటి గురించి. జ్ఞానాపురంలో ఆ ఇంటి డాబా మీద ఆరు కొట్టేసరికి తండ్రీ కూతుళ్లిద్దరూ చెరో శాక్సఫోనూ పట్టుకుని నిలబడతారు. ఎదురుగా రైలు పట్టాలు, గూడ్సు బండ్లు. కూతురు కెజియాకి ముప్పై రెండేళ్లు. పగలంతా డెంటల్ ల్యాబులో ఊళ్లోవాళ్లకి కట్టుడు పళ్లు కడుతుంది. పొద్దున్న ఈ గంట మాత్రం తండ్రితో నాలుగు బార్లు తిరుగుతుంది. కంగారు పడకండి, తాగే బార్లు కావు. పాట లయలో నాలుగు కొలతలు. అంతసేపు ఒకళ్లు వాయిస్తే, దానికి జవాబు ఇంకొకళ్లు అంతసేపే వాయించాలి. రాసుకున్నది కాదు, అప్పటికప్పుడు పుట్టాలి. మాటకి మాట, పోటుకి పోటు.

అప్పటికప్పుడు పుట్టాలంటే ఊరికే పుట్టదు. మూటలో ముక్కలుండాలి. లాజరు మాస్టారు 'ముక్క' అనేవారు. అయిదారు స్వరాల చిన్న పలుకు. దాన్ని ముందు చెవితో పట్టుకోవాలి, నోటితో పాడాలి, పన్నెండు శ్రుతుల్లో వేళ్లకి ఎక్కించాలి. అప్పుడు దాని తోక కోసేసి కొత్త తోక అతికించాలి. "తల ఎవడిదైనా ఫరవాలేదురా, తోక నీదవ్వాలి" అనేవారు మాస్టారు. నిన్న వేసిన తోకే ఇవాళ వేసినవాడికి శిక్ష, అందరికీ టీ పెట్టడం. బ్యాండులో దాని పేరు తోక టీ. ఆ ఆచారం ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఈ డాబా ఎక్కింది.

అన్నేళ్లలో ఇమ్మానుయేలు టీ పెట్టింది ఏడుసార్లు. కెజియా దాదాపు రోజూ.

"మళ్లీ నిన్నటి తోకే! పో, అల్లం దంచు" అనేవాడు.

"రాత్రి ఎనిమిది దాకా పళ్లు అరగదీసి వచ్చినదానికి కొత్త తోకలెక్కడి నుంచొస్తాయి నాన్నా? నేనేటి బల్లినా, పోయిన తోక మళ్లీ మొలవడానికి?"

సొంత ముక్క అంటూ ఆ అమ్మాయికి ఒక్కటే ఉండేది. చిన్నప్పటిది. రెండు స్వరాలు మెల్లిగా పైకి, ఒక క్షణం ఆగడం, అరమెట్టు కిందికి జారడం. ఇమ్మానుయేలు దానికి 'పిల్లి అడుగు' అని పేరు పెట్టాడు. "గోడెక్కి దొరికిపోయిన పిల్లిలాగుంటాది" అని వెక్కిరించేవాడు.

ఇలా ఉండగా సువార్తమ్మ తేకుండానే ఒక దుర్వార్త వచ్చింది. ఊపిరితిత్తుల ఫొటో తీసిన డాక్టరు, మచ్చలు చూపించి, "ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లు. ఆ తర్వాత ఈ వాయిద్యం పక్కన పెట్టెయ్యాలండీ" అన్నాడు.

ఇంటికొచ్చి ఇమ్మానుయేలు మంచం మీద వాలాడు. ఏడుపు రాలేదు, అలసట వచ్చింది. అది ఆ రోజుది కాదు. ఒక ముక్క, పన్నెండు శ్రుతులు, రోజూ, నలభై మూడేళ్లు. సోలో వాయించి సోలిపోయే వయసొచ్చింది. తను మోసిన మూటని కూతురికి అప్పజెబుదామంటే దానికి రోజుకి గంట కన్నా తీరిక లేదు. ఆ లెక్కన మూటంతా దించడానికి ముప్పై ఏళ్లు కావాలి. చేతిలో ఉన్నది ఏడాదిన్నర.

ఆ లెక్కకి విరుగుడు కెజియా పనిచేసే చోటుకే వచ్చింది. ఋషికొండ దాటాక సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న ఒక పరిశోధనశాల వాళ్లు, పళ్ల మధ్య కరిచిపట్టుకునే అచ్చులు చేయించుకునేవారు. తల కదలకుండా ఉండడానికట. తల మీద ఏదో టోపీ పెడతారట. ఆ టోపీ కనిపెట్టిన డాక్టర్ పొట్నూరు సుమిత్రతో మాటల్లో మాటగా కెజియా తండ్రి సంగతి చెప్పింది. ఆవిడ కుర్చీలోంచి లేచి, ఆయన్ని తీసుకురమ్మంది.

సాయంత్రం కెజియా గులాబిరంగు ముద్ద ఒకటి కలిపి తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"కొరుకు."

"ఏటిది, నీ వంటా?"

"కొరుకు నాన్నా. ఇదిగో, మెత్తగా ఉన్నప్పుడు కొరికితే పళ్ల అచ్చు పడింది కదా. జ్ఞాపకం కూడా ఇంతేనంట. తలుచుకున్నప్పుడల్లా కాసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడుతుందంట. నువ్వు ముక్క వాయించిన వెంటనే, మెత్తగా ఉండగానే, ఆ టోపీ దాని అచ్చు తీసేస్తుంది. తర్వాత నేను టోపీ పెట్టుకుని పడుకుంటే ఆ అచ్చు నా చేతుల్లోకి దిగుతుంది. పక్షవాతం వచ్చినవాళ్ల చేతులకి పనులు మళ్లీ నేర్పడానికి చేస్తున్నారు."

"అచ్చు తీస్తే పన్ను ఊడిపోదు కదే?"

"ఏ పన్నూ ఊడదు. నేను రోజుకి ఇరవై తీస్తున్నాను."

సువార్తమ్మ పప్పు కడుగుతూ తల తిప్పకుండా అంది: "సూడు, టోపీ పెడతామని ముందే సెప్పి మరీ పెడుతున్నారు. నిజాయితీపరులే."

పరిశోధనశాల గదిలో గోడల నిండా స్పాంజి, మధ్యలో స్టూలు, పైన తీగలు వేలాడే టోపీ. స్టూలు పక్కన కాలికి అందేలా ఎర్ర మీట ఒకటి.

"అది పారేసే మీట, మాస్టారూ" అంది సుమిత్ర. నలభై అయిదేళ్లుంటాయి, కళ్లకింద నల్లటి చారలు. తనూ సరిగ్గా నిద్రపోయే మనిషిలా లేదు. "దగ్గో తుమ్మో అడ్డొస్తే నొక్కండి, ఆ అచ్చు పడకుండా పోతుంది. తప్పు స్వరం పడితే మాత్రం నొక్కొద్దు. మాకు అన్నీ కావాలి."

ఇమ్మానుయేలు బుద్ధిగా తలూపాడు. ఊపినంత మాత్రాన వినే రకం కాదు, పాటల రికార్డింగుల్లో ఇరవై ఏళ్లు పనిచేసిన రకం. అక్కడ ఒక్క కీచు స్వరం టేపు మీద మిగిలిపోతే మర్నాడు కబురు రాదు. తప్పు పడగానే చెయ్యెత్తి "ఇంకోటి!" అనడం అతనికి రెప్ప వాల్చడం లాంటిది. అలాంటివాణ్ని తప్పులతో సహా నలుగురి ముందు అచ్చెయ్యమంటే, చొక్కా లేకుండా ఫొటో దిగమన్నట్టే. పైగా వెళ్లేది కూతురి చేతుల్లోకి. పిల్లకి తండ్రి తప్పులు ఆస్తిగా ఇస్తాడా ఎవడైనా?

అందుకని స్వరం జారినప్పుడల్లా ఖళ్లుమని దగ్గేవాడు, కాలితో మీట నొక్కేవాడు. అద్దం వెనకున్న సుమిత్ర "పాపం" అనుకునేది. ఊపిరితిత్తుల మచ్చలు అతనికి చేసిన ఉపకారం ఈ దొంగదగ్గు ఒక్కటే. ఒక్కోసారి మంచి ముక్క మధ్యలోకి ఎక్కడి నుంచో కెజియా పిల్లి అడుగు వచ్చేసేది. రోజూ వినీ వినీ వేళ్లకి అంటుకుపోయింది. అప్పుడూ దగ్గేవాడు. తనది కానిది తన మూటలో కట్టడం అతనికి నచ్చదు.

నలభై ఏడు రోజుల్లో వెయ్యిన్నూట ఆరు ముక్కలు. ఎనిమిది ఆదివారాలు ప్రార్థన అయ్యాక కెజియా పరిశోధనశాలకి వెళ్లి, మధ్యాహ్నాలు టోపీ పెట్టుకుని పడుకుంది.

తొమ్మిదో వారం శనివారం, తండ్రి వారం వారం వాయించే బీచి రోడ్డు హోటల్లో, ఆయన కుర్చీలో కెజియా మొదటిసారి కూర్చుంది. డ్రమ్ముల మీద భాస్కర్, ఇరవై ఆరేళ్లుగా ఇమ్మానుయేలు వీపు వెనక కూర్చున్న మనిషి. వంటింటి తలుపు పక్కన స్టూలు వేసుకుని ఇమ్మానుయేలు విన్నాడు.

అదే వంపు. ఎక్కుతూ ఎక్కుతూ చివరి మెట్టు మీద ఆగి, వెనక్కి చూసి దిగే అదే నడక. కూతురి వేళ్లలోంచి తను వస్తున్నాడు. నలభై మూడేళ్ల పన్నెండు శ్రుతులు అరగంటలో వంటింట్లోని చేప వాసనతో కలిసి అతని మీదుగా వెళ్లిపోయాయి. పళ్లేలు మోసే అప్పన్న ఆగి, "మాస్టారూ, కళ్లు మూసుకుంటే మీరేనండి బాబూ" అన్నాడు.

ఇంక పడుకోవచ్చు అనుకున్నాడు ఇమ్మానుయేలు. ఆ రాత్రి నలభై మూడేళ్లలో పట్టనంత నిద్ర పట్టింది.

సోమవారం పొద్దున్న డాబా మీద కెజియా ఒక ముక్క విసిరింది. అతను జవాబిచ్చాడు. మంగళవారం, కొత్త బలం చూసుకుని, కావాలనే మళ్లీ అదే విసిరింది. అతను మళ్లీ జవాబిచ్చాడు.

కెజియా వాయిద్యం దించేసి గెంతింది. "తోక టీ! నాన్నా, తోక టీ! నిన్నటి తోకే ఇది!"

"కాదే!"

"ప్రమాణం చెయ్యనా? అమ్మా, నాన్న టీ పెడతాడంట!"

ఎనిమిదోసారి. నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లాడు. బుధవారం తొమ్మిదోసారి, గురువారం పదోసారి. రెండో వారానికి నవ్వు పోయింది, టీ మిగిలింది.

"ఈ వయసులో నీకు వంట నేర్పుతోందేటి, ఆ గుంట?" అంది సువార్తమ్మ.

అతను ప్రయత్నం చెయ్యకపోలేదు. ముక్క ఎత్తుకునేటప్పుడే అనుకునేవాడు, ఇవాళ ఇక్కడ కుడివైపు తిరగాలి అని. ఆ మలుపు వచ్చేది. వేళ్లు ఎడమకే పోయేవి. పాయింట్లు మార్చే మనిషి డ్యూటీకి రాని స్టేషన్లో బండిలాగ, పాత పట్టా మీదే ధడధడా వెళ్లిపోయేది ముక్క. వేరే ముక్క ఎత్తుకుంటే దాని పట్టా దానిది. వెయ్యిన్నూట ఆరు పట్టాలు, ఒక్క చోటా జంక్షను లేదు. ఎదురుగా గూడ్సు కూతేసేది. ఇదివరకు ఆ కూత ఏ స్వరంలో ఉంటే ఆ స్వరం పట్టుకుని రెండు నిమిషాలు ఆటలాడేవాడు. ఇప్పుడు ఊరికే వినేవాడు.

కెజియాకి చెప్పలేదు. "కాస్త బడలికే" అన్నాడు.

తనకి తనే ఆ మాట చెప్పుకోవడానికి వీల్లేకుండా చేసినవాడు భాస్కర్. ఆ శనివారం హోటల్లో కెజియా వింటుండగా ఇమ్మానుయేలే వాయిస్తున్నాడు, పాట మధ్యలో ఎవరిదో పుట్టినరోజు కేకు వచ్చింది. హోటలు వాళ్లు సైగ చేశారు. భాస్కర్ కర్ర పైకెత్తాడు, అంటే ముగించేద్దామని. ఇరవై ఆరేళ్లుగా ఆ కర్ర నీడ పడితే చాలు, ఇమ్మానుయేలు రెండు స్వరాల్లో ముక్క మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఈసారి అందరూ ఆగిపోయారు, అతనొక్కడు ఆగలేదు. చెమటలు పడుతున్నాయి, కళ్లు భాస్కర్ మీదే ఉన్నాయి, చేతులు మాత్రం ముక్క చివరిదాకా వాయించి గానీ ఊరుకోలేదు. జనం అదో విన్యాసమనుకుని చప్పట్లు కొట్టారు. కెజియా కొట్టలేదు.

మెట్ల మీద భాస్కర్ భుజం పట్టుకున్నాడు. "అన్నా, ఏటయింది? నా కర్ర నీకు కనబడలేదా?"

"కనబడింది తమ్ముడూ."

"మరి?"

"చేతికి కనబడలేదు."

సోమవారం తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ ఋషికొండ వెళ్లారు. సుమిత్ర అతని చేత వంద ముక్కలు వాయించి, పాత అచ్చుల పక్కన గీతలు పెట్టి చూసింది. గీత మీద గీత సరిగ్గా కూర్చుంది. జుట్టంత తేడా లేదు.

"అచ్చు తీసిన జ్ఞాపకం మళ్లీ మెత్తబడడం లేదు" అంది సుమిత్ర. "ఎండిపోయింది. మీకన్నా ముందు నలుగురి దగ్గర తీశాం, మాస్టారూ. ఇద్దరు టైపిస్టులు, ఒక వడ్రంగి, చీరల మీద జరీ పని చేసే ఆవిడ. వాళ్లకీ ఇదే జరిగుండాలి. కానీ రంపం రోజూ ఒక్కలాగే నడిస్తే వడ్రంగికి మేలే కదా. చెయ్యి కుదురుగా వస్తోందని చెప్పి అరటిపళ్లు తెచ్చి పంచిపెట్టాడు. ఒక్కళ్లు కూడా... రోజూ వేరేలా చెయ్యాల్సిన పనివాణ్ని ముందే తెచ్చుకుని ఉంటే నాకు తెలిసేది. ఆలోచించలేదు."

"తియ్యడానికొచ్చింది, పెట్టడానికి రాదా?" సువార్తమ్మ గొంతు స్పాంజి గోడలు కూడా పీల్చుకోలేకపోయాయి. "నా మొగుడి పాట ఎండబెట్టమని నిన్నెవరడిగేరమ్మా? మాకున్నదే అదొక్కటి! ముప్పై అయిదేళ్లు భరించేన్నేను దాన్ని! ఇప్పుడు పాడైపోయిన రికార్డులాగ ఒకటే గొడవ మోగితే నేనెలాగ భరించేది?"

సుమిత్ర కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"ఆవిణ్ని అనకే" అన్నాడు ఇమ్మానుయేలు. "కొలతలిచ్చి కుట్టించుకున్న టోపీ ఇది."

బస్సులో కెజియా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గాజువాక బస్సు, మధ్యాహ్నం ఎండ, సముద్రం ఒక పక్కంతా మెరుస్తోంది. అటు చూస్తూనే అంది: "పన్ను ఊడలేదు నాన్నా. దవడే బిగుసుకుపోయింది. నేనే బిగించేను."

"నీకు దక్కింది కదే. అది చాలు."

"నాకేటి దక్కింది? నేను వాయిస్తే నువ్వొస్తున్నావు. నువ్వు వాయిస్తే మొన్నటి నువ్వొస్తున్నావు. డాబా మీద మనిద్దరం ఎక్కడున్నాం మరి?"

ఇమ్మానుయేలు బస్సు టిక్కెట్టుని మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్లీ అవే మడతలు పెట్టాడు.

ఆ తర్వాత మూడు నెలలు డాబా ఖాళీ. కింద వాటావాళ్లు వచ్చి "ఒంట్లో బాగులేదా" అని పరామర్శించి వెళ్లారు, మనసులో దేవుడికి దండం పెట్టుకుని. కెజియా శనివారాలు హోటల్లో వాయిస్తూనే ఉంది, జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఇంట్లో మాత్రం పెట్టె తెరవలేదు. ఇమ్మానుయేలు ఆరింటికి లేచేవాడు. లేచి ఏం చెయ్యాలో తెలియక టీ పెట్టేవాడు. ముగ్గురూ తాగి ఎవరి పని మీద వాళ్లు లేచేవారు. అల్లం దంచడం మాత్రం బాగా వచ్చింది. ఏమాటకామాట, ఆయన టీ రోజూ ఒక్కలాగే ఉండేది.

ఒకరోజు కెజియా పనికి వెళ్లాక సువార్తమ్మ మంచం కింద చీపురు పెట్టి మొగుడి శాక్సఫోన్ పెట్టెని బయటికి లాగింది. "ఇది బూజు పట్టేసింది. తుడిస్తే తుడువు, లేదా అవతల పారీసుకో. దాని చుట్టూ తుడవలేక నడుము పోతోంది నాకు."

అతను గుమ్మంలో కూర్చుని కొబ్బరినూనె గుడ్డతో తుడిచాడు. మూతి దగ్గర ఊదితే మోగే రెల్లు బద్ద, రీడు, ఎండి అంచున సన్నగా చీలి ఉంది. పనికొస్తుందేమో చూద్దామని ఊదాడు.

కీచుమంది. పిల్లి తోక తొక్కినట్టు.

అలవాటుగా కుడికాలు నేల మీద మీట కోసం వెతికింది. గొంతులోకి దొంగదగ్గు కూడా వచ్చేసింది. కానీ అక్కడ మీట లేదు. ఆ కీచు గాల్లో అలా మిగిలిపోయింది. వేళ్లు? వేళ్లు ఆగిపోయి ఉన్నాయి. ఎడమకి పోలేదు, కుడికి పోలేదు. ఎటు పోవాలో వాటికి తెలియదు. మూడు నెలల్లో మొదటిసారి అతను పట్టా లేని చోట నిలబడ్డాడు.

భయంభయంగా ఒక స్వరం పెట్టాడు. కుదర్లేదు. దాని పక్కది పెట్టాడు. అదీ అంతంతమాత్రమే, కానీ పట్టుకు లాక్కుపోలేదు. పిలిస్తే వచ్చింది. ఆ వెనకనే, ఎవరూ పిలవకుండా, రెండు స్వరాలు మెల్లిగా పైకెక్కి, ఆగి, అరమెట్టు జారాయి.

ఇమ్మానుయేలు శాక్సఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. సువార్తమ్మ చీపురుతో వచ్చి చూసింది. "ఏడుస్తున్నావేటి?"

"నూనె కంట్లో పడింది."

"కంటికి రాసుకుంటే పడదా మరి" అని కొంగుతో తుడిచి వెళ్లింది.

ఫోను తీశాడు, ఊళ్లోవాళ్ల సోది వినే ఫోను. "డాక్టరమ్మా, ఒక నేరం ఒప్పుకోవాలి. ఆ ఎర్ర మీట... తప్పు పడ్డప్పుడల్లా నొక్కేశాను. దగ్గు అబద్ధం."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వచ్చింది.

"నాలుగు వందల ముప్పై ఒకటి. మాస్టారూ, మీరు నాలుగు వందల ముప్పై ఒక్కసార్లు దగ్గారని మీ ఊపిరితిత్తుల డాక్టరుకి నేను ఉత్తరం రాశాను!"

"ఆయన మందు కూడా మార్చేడండి."

సుమిత్ర నవ్విందో, ముక్కు చీదిందో తెలియలేదు. "అవేవీ అచ్చు కాలేదు. కాబట్టి ఎండలేదు. మీ మంచివన్నీ రాళ్లయిపోయాయి. ఆ తప్పులే ఇంకా మెత్తగా ఉన్నాయి." ఆగి అంది: "టోపీ మూలన పడేశాం. ఇంకెవరికీ పెట్టను. అది చెబుదామని మీకు నాలుగుసార్లు ఫోను చేసి, మోగకముందే పెట్టేశాను."

మర్నాడు ఆరింటికి ఇమ్మానుయేలు టీ పెట్టలేదు. డాబా ఎక్కాడు. మెట్ల మీద రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఈ దగ్గు నిజం దగ్గే. చీలిన రీడు మార్చలేదు. కింది నుంచి కెజియా కళ్లు నులుముకుంటూ వచ్చింది.

"ఏటి నాన్నా, టీ ఏది?"

"ముందు నాలుగు బార్లు. నువ్వెత్తు."

"వద్దు నాన్నా."

"ఎత్తవే. చివరిసారి తండ్రి అడిగేడనుకో."

పెట్టె తెచ్చుకుని, తల దించుకునే వాయించింది. అతని ముక్కే, ఎండలో ఇత్తడిలాగ నిగనిగలాడుతూ, ఒక్క మరక లేకుండా. దానికి తన పాత జవాబు నాలిక చివరి దాకా వచ్చేసింది. బండి పట్టా మీద సిద్ధంగా ఉంది. ఇమ్మానుయేలు దాన్ని ఎక్కలేదు. పళ్లు బిగించి ఊదాడు. కీచు!

కెజియా తలెత్తింది.

కీచు దగ్గర ఒక క్షణం అటూ ఇటూ చూశాడు. ఒక కుంటిస్వరం, దాని మీద ఇంకో కుంటిస్వరం. అవి ఒకదాని భుజం ఒకటి పట్టుకుని నడుస్తూ నడుస్తూ ఆమె చిన్నప్పటి గోడెక్కాయి. రెండు మెట్లు పైకి, ఆగడం, అరమెట్టు జారడానికి బదులు ఒకటిన్నర జారి కింద పడ్డాయి. నాలుగు బార్లు అయిపోయాయి. ఊపిరి కూడా.

"అది నాది" అంది కెజియా. "అది నా పిల్లి. దాని కాలు విరగ్గొట్టేవు."

"మళ్లీ వాయించు, నీ జవాబేదీ?"

ఆమె ఆ విరిగిన అడుగునే అందుకోబోయింది. రెండు స్వరాలు ఎక్కింది కూడా. అక్కడ చేతులు జారి తండ్రి పాత పట్టా మీదకి ఎక్కేశాయి. నిగనిగలాడే జవాబు చివరిదాకా వచ్చేసింది. మొన్న శనివారం హోటల్లో వాయించిన అదే తోక. వాయిద్యం దించి, తడి కళ్లతో తండ్రిని చూసింది.

"నాన్నా, ఆ తప్పు మళ్లీ ఒకసారి వాయించు. వేళ్లు చూసుకుంటాను."

ఇమ్మానుయేలు మళ్లీ వాయించాడు. కీచు వచ్చింది. కుంటిస్వరాలు ఈసారి ఇంకో పక్కకి నడిచాయి. పిల్లి గోడ ఎక్కనే లేదు, పక్కనున్న దేని మీదకో దూకింది.

"ఇదికాదు, ఇందాకటిది."

"ఇందాకటిది నాకు రాదే" అన్నాడు. అన్నాక ఆ మాట తన చెవిన పడింది. ఇందాకటిది రాదు. గోడకి చేరగిలబడి, అలసిపోయి, తెల్లగా నవ్వాడు.

కింది నుంచి సువార్తమ్మ కేక వేసింది: "ఆరున్నరయింది! ఇవాళ టీ ఎవరు?"

"నేనే అమ్మా!" అంది కెజియా, ముక్కు తుడుచుకుంటూ. మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూసింది. "నేనొచ్చేదాకా ఆపకు."

"అల్లం బాగా దంచు."

దూరంగా గూడ్సు కూతేసింది. ఇమ్మానుయేలు చెవి వొగ్గి విన్నాడు. ఆ స్వరం అందుకోబోయి, తప్పి, దాని పక్కది పట్టుకున్నాడు. ఉండనీ అనుకున్నాడు. ఒక్క ముక్క, అదీ కుంటిది. ఏడాది ఊపిరి. ఇంకా పదకొండు శ్రుతులు మిగిలున్నాయి. నిట్టూర్చి, రీడు తడుపుకుని, అరమెట్టు పైకి జరిగి మొదటి నుంచి మొదలుపెట్టాడు.